పాలింటి నాలుగో ప్రశ్న

శ్రావణ శుద్ధ తదియ

చెవీ, రాసుకో. ఏం తిన్నానంటే చోడి అంబలి, రెండు అట్లు, నాచు పచ్చడి. పచ్చడిలో ఉప్పు లేదు, అదీ రాసుకో. ఎవరికిచ్చానంటే తవిటిగాడికి మూడుసార్లు, సన్యాసమ్మ కవలలకి చెరోసారి. ఎక్కడైనా నొప్పా అంటే, ఉంది. ఎడమ రొమ్ము. పొద్దున దీపాలు వెలిగేసరికే కందిపోయి ఉంది, చెయ్యి పెడితే కాలుతోంది.

పాలింట్లో ఉండే ఏ ఆడదాన్నైనా, మేం చెవి అని పిలిచే ఈ గోడ రోజూ ఈ మూడు ప్రశ్నలే అడుగుతుంది. జవాబు చెబితేనే వంటింటి తలుపు తెరుచుకుంటుంది. నేను ఎలా వాగినా పుస్తకాల భాషలోకి దిద్ది దాచుకుంటుంది, ముదనష్టపుది. పక్కవాళ్ళ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచమని తిట్టి తిట్టి నేర్పాను. అంతా విని చివర్న "నమోదు చేశాను" అంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్నలూ ఈ మాటా తప్ప అది ఇంకో మాట అనగా నేను వినలేదు.

పైడమ్మప్పకి చూపించాను. ఈ పాలింటికి పెద్ద ఆవిడే. పాలపొడి తెచ్చే ఓడలు ఆగిపోయిన ఏడు, కొత్త భీమిలిలో పసిపిల్లలు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే, పాలున్న ఆడవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఈ ఇల్లు మొదలుపెట్టింది. ఈ చందమామ మంచు కింద ఆవు బతకలేదు, మేక బతకలేదు. మేం బతికాం.

"ఓలమ్మ, పాలగడ్డే ఇది! నీకు పాలెక్కువ, గుంటడు సరిగ్గా తాగనేదు. ఇంతోటి దానికి మొకం అలాగెట్టినావేటే?" అని నూనె వేడిచేసి, నా గుండెల మీద మోకాలు పెట్టినంత పని చేసి పిసికింది. నేను అరిచాను. అరవకుండా ఎలా ఉంటాను? పాలగడ్డ కట్టినప్పుడు పిల్లాడికి అటువైపే ఎక్కువ పట్టించాలని ఆవిడ మాట. తవిటిగాణ్ణి ఎడమవైపే వేసుకున్నాను.

వాడి తల్లి కాన్పులోనే పోయింది. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, వీడైనా దక్కాలని ఆ పేరు పెట్టారు. ఇంకెవరు ఎత్తుకున్నా నోరు తెరవడు. నా దగ్గరే తాగుతాడు, నా మీదే నిద్రపోతాడు, నా మీదే ఉచ్చపోస్తాడు.

శ్రావణ శుద్ధ త్రయోదశి

తిన్నది నిన్నటిదే. తవిటిగాడికి ఇచ్చాను. నొప్పి ఉంది.

చందమామ మీద కాపురముంటూ తిథులు లెక్కపెట్టుకునే పిచ్చివాళ్ళం మేమే అయి ఉంటాం. ఈ మంచు చందమామ ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తరుగుతుందో దాని కడుపులో ఉన్న మాకేం తెలుస్తుంది? అయినా శ్రావణం వచ్చిందంటే పెద్దవాళ్ళు పసుపు ముద్దకి పూజ చెయ్యాల్సిందే. నేనూ ఒక దండం పెట్టి, ఈ ఎరుపు తగ్గించు తల్లీ అన్నాను.

తగ్గలేదు. పెరిగింది. జ్వరం లేదు గానీ ఆ పక్క బరువుగా, రాయి కట్టినట్టుంది. డాక్టరమ్మ రెండో బావి దగ్గరుంది, అక్కడ మంచు గోడ కూలి పనివాళ్ళ కాళ్ళు నలిగాయి. గోడలోంచే మాట్లాడి, చీముకి వాడే మాత్రలు మింగమంది, చూపుగదిలోకి వెళ్ళి పడుకోమంది. వెళ్ళాను. ఆ గదికి మాట్లాడటం రాదు, పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. గడ్డ ఉందా లేదా అనేది ఒక్కటే వెతుకుతుంది. పచ్చదీపం వెలిగింది.

మా ఆయన సింహాచలం సంబరం చూడాలి. మంచు కోసే పని మధ్యలో వదిలేసి, ఎక్కడ సంపాదించాడో బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో కుక్కాడు. "గడ్డ నేదు! ఇన్నావా? గడ్డే నేదు!" అని పాలిల్లంతా చాటాడు.

అయినా నా మనసు కుదుటపడలేదు. మా పాలింటి గోడ మీద భూమి నుంచి వచ్చిన మాటలు కొన్ని చెక్కి ఉంటాయి. పని కుదిరిన రోజునే ప్రతి ఆడదీ వాటిని వల్లించాలి. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం నారింజ తొక్కలా మారినా వెంటనే చెప్పవలెను. నాకు కంఠతా వచ్చు. నారింజ మాత్రం ఎన్నడూ చూడలేదు. దాన్ని తిన్న ముసలివాళ్ళు చాలామంది పోయారు.

అందుకే పైడమ్మప్ప దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. పొత్తిళ్ళలో ఆవిడ ఇక్కడికొచ్చినప్పటి పళ్ళరసం డబ్బా. దాని మీద నారింజ బొమ్మ ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకి అది చూపించే పాఠం చెబుతుంది. ఇవాళ నాకూ చూపించింది.

"సూడు, నారింజంటే ఇది. నున్నగా, అద్దంనాగ మెరిసిపోతంది. నీదెలాగుంది? గతుకులు గతుకులుగా, గుంటలడిపోయి ఉంది. మరింకేటి నీకు బెంగ?"

నిజమే కదా అనిపించింది. బొమ్మ నున్నగానే ఉంది. అందరం నవ్వుకుని అట్లు తిన్నాం.

శ్రావణ బహుళ సప్తమి

తవిటిగాడు ఎడమవైపు నోరు పెట్టడం మానేశాడు. మొన్నటి నుంచి చనుమొన లోపలికి పోయింది, వాడికి అందటం లేదు. మొహం తిప్పుకుని ఏడుస్తాడు. కుడివైపు పెడితే తాగుతాడు. వాడు కూడా నన్ను వద్దనే రోజొకటి వస్తుందనుకోలేదు. కోపం వచ్చింది, పిల్లాడి మీద కోపమేమిటని సిగ్గూ వచ్చింది.

ఇవాళ డాక్టరమ్మ తిరిగొచ్చింది. డాక్టర్ మెహరున్నిసా. చిట్టచివరి ఓడలో, బడికి వెళ్ళే వయసులో ఇక్కడ దిగింది. చదువంతా ఇక్కడే, ముసలి డాక్టరు దగ్గర. బూట్ల మంచు కూడా దులుపుకోకుండా నేరుగా నా దగ్గరికే వచ్చి రవిక తియ్యమంది. తీశాను. చూసింది. ముట్టుకుంది. ముట్టుకున్న చెయ్యి తియ్యలేదు.

"నూకరత్నంగారూ, ఈ చర్మం ఇలా ఎప్పటి నుంచి ఉంది?"

"మాత్రలు మొదలెట్టక ముందు నుంచే. మీకు చెప్పాను కదా, ఎర్రగా ఉందని."

"ఎరుపు చెప్పారు. ఈ గుంటలు చెప్పలేదు."

పైడమ్మప్ప డబ్బా పట్టుకుని ముందుకొచ్చింది. "నాను సూసినాను డాక్టరమ్మా. నారింజనాగ నేదు. నారింజ నున్నగా ఉంటాది కదేటి?"

డాక్టరమ్మ ఆ డబ్బా తీసుకుని బొమ్మకేసి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "చిన్నప్పుడు మా ఇంట్లో నారింజలు ఉండేవి. గోరుతో ఒలిచేదాన్ని. పైడమ్మగారూ, తొక్క నున్నగా ఉండదు. సన్న సన్న గుంటలు ఉంటాయి. ఇదిగో, అచ్చం ఇలా ఉంటాయి."

 పైడమ్మప్ప మాత్రం "బొమ్మలో నున్నగా ఉందమ్మా" అంది. ఇంకోసారి కూడా అదే అంది. నేను రవిక వేసుకుని హుక్కులు పెట్టుకున్నాను.

శ్రావణ బహుళ దశమి

చర్మం ముక్క తీసి చూశారు. కేన్సర్.

చెవీ, నీకు తెలియాలని డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెబుతాను. ఇది అరుదైన రకం. మామూలు రొమ్ము కేన్సర్ గడ్డగా కూర్చుంటుంది, చేతికి తగులుతుంది. ఇది గడ్డ కట్టదు. చర్మం లోపల నీరు పారే సన్నని కాలవలుంటాయట, వాటిలో దూరి పూడ్చేస్తుంది. నీరు కదలక చర్మం ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, గుంటలు పడుతుంది. పాలగడ్డనుకునేలా ఉంటుంది. భూమి మీద డాక్టర్లు కూడా అలాగే పొరబడేవారట. వారాల్లో పాకిపోతుంది. చంకలోకి ఇప్పటికే వచ్చింది. ఊపిరితిత్తులు, కాలేయం చూసింది, అక్కడ ఏమీ లేదు.

సింహాచలం లేచి నిలబడ్డాడు. "అయితే కోసీండి డాక్టరమ్మా! ఇప్పుడే కోసీండి. దాన్నుంచుకుని ఏటి సేస్తాం?"

"ఇప్పుడు కోస్తే చర్మంలో మిగిలినది రెచ్చిపోతుందయ్యా. ముందు మందు ఎక్కించాలి. నరంలోకి, నెలల తరబడి. ఎరుపు తగ్గి, చర్మం మామూలైతేనే కత్తి. కత్తి తర్వాత కిరణాలు. మూడూ అదే వరసలో."

"కిరణాల మరుందేటి మన దగ్గర?"

"లేదు."

మా ఆయన కూర్చున్నాడు. ఆయన అడగనిది నేనే అడిగాను. ఎంతమంది బతుకుతారు?

డాక్టరమ్మ నా మొహంలోకి సూటిగా చూసి చెప్పింది, అందుకు ఆవిడంటే నాకు గౌరవం. "పాత లెక్కలు నా దగ్గరున్నాయి. మూడూ చేసిన పదిమందిలో ఐదేళ్ళ తర్వాత నలుగురు ఉన్నారు. మీలా ఇంకా ఒంట్లో వేరేచోటికి పోని వాళ్ళ సంగతి ఇది. కిరణాలు లేకపోతే కోసినచోటే తిరిగొచ్చే భయం ఎక్కువ. ఎంత ఎక్కువో అబద్ధం చెప్పలేను."

"నేను ఆ నలుగుర్లో ఉన్నానా?"

"అది ఏ లెక్కలోనూ ఉండదు. మందుకి మీ ఒళ్ళు ఎలా లొంగుతుందో చూస్తేనే తెలుస్తుంది."

నాకు బతకాలనుంది. అది రాసుకో. మిగతాదంతా ఎలా దిద్దుకున్నా ఫరవాలేదు, అది మాత్రం దిద్దకు.

శ్రావణ అమావాస్య

రేపు మందు మొదలు. మందు ఎక్కితే పాలు విషం. అందుకని ఇవాళ పాలు ఎండగట్టాలి.

పాలింట్లో చేరిన ఆడది తలలో మల్లెపూలు పెట్టుకోకూడదు. మల్లెపూలు పాలు మరలిస్తాయని నమ్మకం. దీపాల తోటలో ఒక మూల వల కట్టి నాలుగు మల్లె పాదులు పెంచుతారు, ఆ పక్కకి కూడా మేం వెళ్ళం. ముసలిదై పని మానేసే రోజున, ఆ పూలు మాలకట్టి ఆవిడ గుండెలకి కడతారు. పాటలు పాడతారు, పాలు తాగిన పిల్లలందరూ వచ్చి కాళ్ళకి దండం పెడతారు. మా పాలింట్లో అంతకన్నా పెద్ద పండగ లేదు. ముప్ఫయ్యేళ్ళు దాటీ దాటకుండా ఆ మాల నాకు కట్టారు. పాట ఎవరూ ఎత్తుకోలేదు.

అంతకన్నా ముందు ఒక పని చేశాను. డాక్టరమ్మ మాటల్లో ఒకటి నన్ను రాత్రంతా పొడుస్తూనే ఉంది. మందు పనిచేస్తే ఈ గుంటలు పోతాయంది. పోతే మంచిదే, పోవాలి. కానీ పోయాక వీళ్ళకి ఏం చూపించాలి? ఆ డబ్బానా?

పాలింట్లోని అందరినీ పిలిచాను. రవిక తీసి పీట మీద కూర్చున్నాను. "రండి. ఒక్కొక్కళ్ళే వచ్చి ముట్టుకోండి" అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. సన్యాసమ్మ పైట నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఈ మధ్యే చేరిన నరసమ్మ, చిన్నపిల్ల, "ఒద్దు వదినా, నాకు బయ్యం" అంది.

"భయమా? నాకు లేదా భయం? ఊళ్ళో పిల్లలందరికీ అందరి ముందూ రొమ్ము తీసి ఇచ్చిన దాన్ని, మీ ముందు సిగ్గుపడతానా? కళ్ళతో చూసి ఏడిస్తే ఏం లాభం, వేళ్ళకి తెలియాలి. రావే ఇలా!"

వచ్చింది. చల్లటి వేళ్ళు. "అట్టునాగుంది వదినా" అంది నరసమ్మ. "పెనం మీద చోడి అట్టు పైన పడతాయి కదా, సన్న గుంటలు. అలాగుంది."

అవును, అలాగే ఉంది. రోజూ అట్లు పోసుకు తినే మేము, ఎవరూ ఎరగని పండు కోసం డబ్బాలు పట్టుకు తిరిగాం. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, వేలితో రాసి, "అట్టే" అని వెళ్ళారు. అంత ఏడుపులోనూ ఎవరో కిసుక్కున నవ్వారు.

చివర్న పైడమ్మప్ప వచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ నన్ను పిసికింది తప్ప మెల్లగా తాకలేదు. ఇప్పుడు రెండు వేళ్ళతో తాకి, అలాగే ఉండిపోయింది.

"మా సెల్లికి ఇలాగే ఉండీది" అంది.

ఆవిడ చెల్లెలు ఎర్రయ్యమ్మ నాకు లీలగా గుర్తు. పాలజ్వరం వచ్చి పోయిందని చెప్పుకునేవారు.

"పాలజ్వరం అన్నాను నానే. ఈ సేతుల్తోనే రోజూ పిసికినాను. అది అరిసీది. ఓర్సుకోవే అని ఇంకా గట్టిగా పిసికీదాన్ని. అరవయ్యేళ్ళకి దగ్గరకొచ్చినాను, ఎంతమందికి పాలజ్వరమని పేరెట్టి పంపించీసినానో ఏటో" అని నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. నాకు ఆవిడ మీద కోపం ఉంది. దగ్గర దగ్గర ఇరవై రోజులు పోగొట్టిన కోపం. ఉన్నా సరే, తల నిమిరాను.

భాద్రపద బహుళ చవితి

ఏం తిన్నానంటే తిన్నదంతా కక్కాను. ఎవరికిచ్చానంటే ఎవరికీ ఇవ్వలేదు. ఎక్కడైనా నొప్పా అంటే ఎక్కడ లేదో అడుగు, తొందరగా అయిపోతుంది.

మందుల మర ఊళ్ళోవాళ్ళకి మామూలుగా తలనొప్పి మాత్రలు పోస్తూ కూర్చునేది. ఇప్పుడు నా కోసం ఎర్రటి మందు కాస్తోంది. చూడటానికి బీట్‌రూట్ రసంలా ముచ్చటగా ఉంటుంది. లోపలికి వెళ్ళాక తెలుస్తుంది దాని సంగతి. నోరంతా పుళ్ళు. నీళ్ళు కూడా ఇనుము రుచి.

జుట్టు నిన్న దువ్వెనతోపాటు వచ్చేసింది. మిగిలింది సింహాచలం గొరిగాడు. మంచు కోసే మనిషి కదా, చెయ్యి తిన్నగా ఆడుతుంది. అద్దంలో చూసుకుని నాకే నవ్వొచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఒక్క మల్లెపువ్వు తలలో పెట్టుకోనివ్వలేదు ఈ పాలిల్లు. ఇప్పుడు ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు, దేనికి గుచ్చాలి? ఆ మాట సింహాచలంతో అంటే నవ్వలేదు. బయటికి వెళ్ళి కాసేపటికి కళ్ళు తుడుచుకుని వచ్చాడు.

తవిటిగాడు మూడు రోజులు పస్తున్నాడు. నాలుగో రోజు నరసమ్మ దగ్గర నోరు తెరిచాడు. తెరవడానికి ముందు నా రవికలో చుట్టి పడుకోబెట్టారట వాణ్ణి. బతికాడు, చాలు. 

కార్తీక శుద్ధ పంచమి

ఎరుపు తగ్గింది! చెవీ, గట్టిగా చెబుతున్నా, తగ్గింది. చర్మం మెత్తబడింది. డాక్టరమ్మ రోజూ నవ్వదు, ఇవాళ నవ్వింది. ఇలాగే లొంగితే పుష్యంలో కత్తి వెయ్యొచ్చంది.

మధ్యాహ్నం నరసమ్మ పరుగెత్తుకొచ్చింది. కుడి రొమ్ము ఎర్రగా కంది ఉంది. "వదినా, అట్టునాగే ఉంది, ముట్టుకుని సూడు" అంది. ముట్టుకున్నాను. నున్నగా ఉంది. లోపల గడ్డ జారుతోంది. జ్వరం కూడా ఉంది. డాక్టరమ్మ చూసి, అసలు సిసలు పాలగడ్డే, మాత్రలకి రెండ్రోజుల్లో పోతుందంది. పోకపోతే మళ్ళీ రమ్మంది. నేనూ నరసమ్మా ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. పాలగడ్డకి అంత సంతోషపడ్డవాళ్ళు ఈ పాలింట్లో ఇంతకు ముందు లేరు.

ఆ పట్టునే పైడమ్మప్ప ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. గోడ అడిగే మూడు ప్రశ్నలకి నాలుగోది కలపాలని. వాళ్ళు నసిగారు. మూడు ప్రశ్నలు పెద్దలు పెట్టినవి, ఎప్పుడూ మార్చలేదు అన్నారు. ఆవిడ ఆ రేకు డబ్బా వాళ్ళ ముందు పెట్టి, "దీన్ని సూసి నాను నా సెల్లిని సంపుకున్నాను. మీరు మార్చరా, నేకపోతే పాలిల్లు మూసీమంటారా?" అందట. మార్చారు.

ప్రశ్న డాక్టరమ్మ రాసింది. చర్మము దళసరియై, సూక్ష్మమైన అంటూ మూరెడు పొడుగు. అది వినేసరికి అట్లు మాడిపోతాయి, నేను చెబుతానుండండి అన్నాను. రేపటి నుంచి గోడ ఇలా అడుగుతుంది: అట్టులా గుంటలు పడ్డాయా?

ఉందని ఎవరైనా అంటే ఏం చెయ్యాలో కూడా డాక్టరమ్మ దానికి నేర్పింది. ఏం నేర్పిందో మాకు చెప్పలేదు.

పుష్య బహుళ విదియ

కోశారు. ఎడమవైపు చదునుగా ఉంది, చంక దాకా కుట్లు. చెయ్యి పైకి లేవదు. చూసుకోవాలంటే మొదటి రోజు ధైర్యం చాల్లేదు. ఎంతమంది పిల్లలు పడుకున్న చోటు అది! ఏడ్చాను. ఆ తర్వాత చూసుకున్నాను.

తీసిన దాన్ని డాక్టరమ్మ ముక్కలు చేసి చూసింది. అందులో ప్రాణమున్న కేన్సర్ ఇంకా ఉంది. మందు అంతా చంపలేదు. మొత్తం చచ్చిపోయి ఉంటే నా వంతు లెక్క చాలా బాగుండేదట. మొహం చాటెయ్యకుండా ఆవిడే వచ్చి చెప్పింది.

"ఇప్పుడు కిరణాలు ఇవ్వాలి. ఇవ్వలేను" అంది.

సింహాచలం ఆ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. పైపుల అతుకులు పగిలాయేమో చూడటానికి మంచు కోసేవాళ్ళ దగ్గర ఒక పెట్టె ఉంటుంది, దాన్లోంచి కిరణాలొస్తాయి. "అడిగీసినాను డాక్టరమ్మా. ఇస్తామన్నారు. నానే ఎత్తుకొస్తాను."

"సింహాచలంగారూ, అది ఇనుములోంచి చూడటానికి చేసింది. ఎంత పడుతోందో, ఎక్కడ పడుతోందో నేను కొలవలేను. ఊపిరితిత్తుల్ని, గుండెని కాల్చేస్తుంది."

"మరేటి సెయ్యమంటారు? ఊరికే కూకోమంటారా?"

"మందు కొనసాగిస్తాను. రోజూ చూసుకుందాం. నా చేతిలో ఉన్నది అంతే."

ఆయన పెట్టె సంగతి మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం నా పక్కన కూర్చుని, అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. నాకు కుడిచెయ్యి బాగానే ఉందని గుర్తుచేశాను. నోరు మూసుకుని తినమన్నాడు. తిన్నాను.

చైత్ర శుద్ధ ద్వాదశి

జుట్టు వేలెడు మొలిచింది, ఉంగరాలు తిరిగింది. ఉగాది నాడు నరసమ్మ ఒక్క మల్లెపువ్వు తెచ్చి, ఎక్కడా నిలబడక, చెవి సందులో దోపింది. పచ్చడిలో వేపపువ్వు లేదు, అది ఇక్కడ పూయదు. మందు చేదు చాలదా అన్నాను. అందరూ నవ్వారు.

పాలు ఇవ్వను కాబట్టి పాలింట్లో నాకిప్పుడు పెనం పని. పొద్దున్నే అందరికీ అట్లు పోస్తాను. వంటింటి తలుపు దగ్గర వరసగా నిలబడి ఒక్కొక్కళ్ళూ గోడకి జవాబు చెప్పి లోపలికి వస్తారు. అవన్నీ నాకు వినబడుతూ ఉంటాయి. అంబలి తిన్నాను. కవలలకిచ్చాను. నొప్పి నేదు. అట్టునాగ నేదు. సన్యాసమ్మ నేదంటుంది. నరసమ్మ నేదంటుంది, తవిటిగాడు దాని చంకలో ఉండి వాడూ ఏదో అంటాడు. వాడికి నడక వచ్చేసింది. ఒక్కొక్క నేదు విన్నప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది.

ఇవాళ పిండి గరిటె తిప్పుతుంటే రవిక అంచు ఒరుసుకుని కుడివైపు దురద పెట్టింది. చెయ్యి పెట్టాను. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెచ్చగా ఉంది. చూడాల్సిన పని లేదు. నా వేళ్ళకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

పెనం కేసి చూశాను. అట్టు పైన గుంటలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఇవాళ్టికి నేదు అనేస్తే ఎవరికి తెలుస్తుంది? సింహాచలానికి ఇంకో రోజు నవ్వు మిగులుతుంది. రెండోవైపు వస్తే దాని అర్థమేమిటో డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది, పదిమందిలో నలుగురి లెక్క ఇంక నాకు వర్తించదు. అలా అనుకుంటూనే వరసలోకి వచ్చి నిలబడ్డాను. నా ముందు పైడమ్మప్ప. ఆవిడకి పాలు లేక ఎన్నేళ్ళో అయింది, అయినా రోజూ నిలబడి నేదని చెబుతుంది.

తర్వాత నా వంతు. ఏం తిన్నావంటే ఇంకా తినలేదు. ఎవరికిచ్చావంటే ఎవరికీ లేదు. నొప్పా అంటే లేదు, వెచ్చగా ఉంది.

అట్టులా గుంటలు పడ్డాయా?

ఉన్నాయి, అన్నాను. కుడివైపు.

 గోడ "నమోదు చేశాను" అనలేదు. "అక్కడే ఉండండమ్మా, భయపడకండి. డాక్టర్‌ని పిలిచాను, వస్తోంది" అంది. గొంతు మెహరున్నిసాది. ఎప్పుడో కార్తీకంలో, ఇక్కడ ఎవరో ఒకరికి వినబడాలని చెప్పి గోడలో దాచింది. మొదట విన్నది నేను.

నరసమ్మ పిల్లాణ్ణి కింద దించి నా చెయ్యి పట్టుకుంది. పైడమ్మప్ప ఏమీ అడక్కుండా తన వేళ్ళు పెట్టి చూసి, మెల్లగా తీసేసింది. చెవీ, నీ పని నువ్వు చేశావు, బాగా చేశావు. రేపు కూడా అందర్నీ అడుగు, ఎవర్నీ వదలకు. కాళ్ళ చప్పుడు వినబడుతోంది, డాక్టరమ్మే అయి ఉంటుంది. పెనం మీద అట్టు మాడుతోంది, ఎవరైనా తిరగెయ్యండే.